ఎద్దు బాకీ

మొన్న వేసవి సెలవుల్లో నాకూ మా మనవరాలికీ ఒక పాము దగ్గర తగువొచ్చింది. పాము ఇంట్లోకి రాలేదు లెండి, టీవీలో ఉంది. కొండచిలువ. పేరు కా. కొమ్మ మీద చుట్టలు చుట్టుకుని, కళ్లలో రంగు చక్రాలు తిప్పుతూ, తోడేళ్లు పెంచిన మౌగ్లీ అనే పిల్లవాణ్ని మత్తులో ముంచి మింగబోతోంది. తొమ్మిదేళ్ల పిల్ల దిండు చాటున మొహం పెట్టుకుని "చెడ్డ పాము తాతా" అంది. నాకు ఒళ్లు మండింది. "చెడ్డదేంటే, ఆ పిల్లగాడి ప్రాణం కాపాడిందే అది" అన్నాను. "నువ్వు సరిగ్గా చూడట్లేదు, అద్దాలు పెట్టుకో" అంది. పెట్టుకుని చూశాను. అద్దాల్లోంచి చూసినా చెడ్డదే.

75 ఏళ్ల వయసులో ఒక కొండచిలువ తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వస్తుందని నేను మాత్రం అనుకున్నానా? తప్పలేదు. ఆ సాయంత్రమంతా నేను చెప్పడం, అది వినకపోవడం. చివరికి "సినిమాలో లేదుగా" అని ఒక్క మాటతో కేసు కొట్టేసింది. ఇప్పటి పిల్లలకు సినిమాలో లేనిది లోకంలో జరగనట్టే.

మాది ప్రాణహిత ఒడ్డు. చెన్నూరు దాటి కోటపల్లి వైపు వెళ్తే వచ్చే పల్లె. ఇప్పుడు మంచిర్యాల జిల్లా అంటున్నారు, అప్పుడు అంతా ఆదిలాబాదే. హైస్కూలు చదువుకని చెన్నూరులో మేనమామ ఇంట్లో ఉండేవాణ్ని. మా ఎద్దును పులి కొట్టిన ఏడాదే నాది ఎనిమిదో తరగతి, అంటే 1963. ఇంగ్లీషుకు రెండు పుస్తకాలు, ఒకటి డిటెయిల్డు, ఇంకోటి నాన్‌డిటెయిల్. నాన్‌డిటెయిల్‌లో ముంగిస కథ ఒకటి ఉండేది, రిక్కీ టిక్కీ టావీ. పరీక్షకు అంతవరకు చాలు. కానీ మా ఇంగ్లీషు సారు దగ్గర అసలు పుస్తకమే ఉంది, రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన జంగిల్ బుక్. అట్ట ఊడిపోతే ఉర్దూ పేపరుతో అట్ట వేసుకున్నారు. శనివారం ఆఖరి పీరియడులో ఆ పుస్తకం తీసి, ఒక్కో పేరా ఇంగ్లీషులో చదివి, తర్వాత కుర్చీలోంచి లేచి దాన్ని మా మాటల్లో చెప్పేవారు.

మా రోజుల్లో పిల్లలందరం పుస్తకాలు నమిలి మింగేవాళ్లం అని కోతలు కోయను. నలభై మందిలో ఆ పుస్తకాన్ని చేత్తో ముట్టుకున్నది ముగ్గురం. చదివింది సారు, విన్నది మేము. కానీ విన్నాం. ఆ గంటసేపు ఎవడూ ఒకటికి కూడా లేచేవాడు కాదు.

మొదట్లోనే సారు ఒక మాట చెప్పి మమ్మల్ని పట్టేశారు. కథలో ఒక నది ఉంది, వైన్‌గంగ. మధ్యప్రదేశ్‌లో సివనీ దగ్గర పుడుతుంది. కిందికొచ్చి వార్ధాతో కలుస్తుంది. కలిశాక దాని పేరు ప్రాణహిత. "మీరు మొన్న ఈత కొట్టిన నీళ్లే పిల్లలూ, మౌగ్లీ ఈదినవి" అన్నారు. ఆ తర్వాత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది కాబట్టి, రాజమండ్రి వాళ్లకు కూడా మౌగ్లీ నీళ్లలో వాటా ఉంది. కానీ ముందు మావి. ఈ గర్వం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ అడవి గురించి రాసినాయన బొంబాయిలో 1865లో పుట్టాడు. ఆరేళ్లు నిండకముందే అమ్మానాన్నలు ఇంగ్లండు పంపించేశారు, 16 ఏళ్లకు తిరిగొచ్చి లాహోరులో పత్రికలో పనిచేశాడు. పుస్తకం మాత్రం ఇక్కడ కూర్చుని రాయలేదు. పెళ్లయ్యాక భార్యవైపు వాళ్ల ఊరని అమెరికాలో వెర్మాంట్‌కు పోయి, మోకాటి లోతు మంచులో కూర్చుని సివనీ ఎండల గురించి రాశాడు. 1894లో మొదటి పుస్తకం, 1895లో రెండోది. కిప్లింగ్ నాకేమీ చుట్టం కాదు. తెల్లదొరలు మనల్ని ఏలడం ధర్మమనే నమ్మిన మనిషి. మొదటి పుస్తకంలో ఆఖరి కథ చదవండి, ఏనుగులూ గుర్రాలూ కంచరగాడిదలూ ఆజ్ఞలు ఎలా పాటిస్తాయో, ఆ వరస చివర్న మహారాణి ఎలా ఉంటుందో చెప్పి మురిసిపోతాడు. ఆ కథ దగ్గరికొచ్చేసరికి సారు పుస్తకం మూసి "ఇది మనకొద్దు" అన్నారు. అంతే. కానీ బర్రెల గురించి ఆయన రాసింది చూడండి, బర్రెలు కాసినవాడు కూడా వంక పెట్టలేడు.

ఆ ఘట్టం చెప్పాలి. మౌగ్లీ అడవి వదిలి ఊళ్లోకి వస్తాడు. మెస్సువా అనే తల్లి చేరదీస్తుంది. ఊరివాళ్లు బర్రెలు కాసే పని పెడతారు. ఈ మాట రాగానే వెనక బెంచీలు లేచి కూర్చున్నాయి, ఎందుకంటే అక్కడున్న వాళ్లలో సగం మంది పొద్దున బర్రెలు తోలి బడికి వచ్చినవాళ్లే. షేర్‌ఖాన్ అనే పులి మౌగ్లీ కోసం ఒక ఎండిపోయిన వాగులో పొంచి ఉంది. పుట్టుకతో కుంటిది, వాళ్లమ్మే లంగ్రీ అని పిలిచేది. పొద్దున్నే ఒక అడవిపందిని తిని, నీళ్లు తాగి, కడుపు నిండి పడుకుంది. మౌగ్లీ మొదట అడిగేది ఆ సంగతే: తిన్నదా, తాగిందా? తిని తాగిన పులి పోట్లాడలేదు, నిటారు గట్టు ఎక్కలేదు.

సారు బోర్డు మీద సుద్దతో వాగు గీశారు. రెండు గట్లు, పైన ఒక మూతి, కింద ఒక మూతి. మౌగ్లీ తోడేళ్ల సాయంతో మందను రెండు చేస్తాడు. పోతులు ఒకవైపు, దూడలున్న బర్రెలు ఒకవైపు. బర్రెల్ని వాగు కింది మూతి దగ్గర నిలబెట్టించి, తాను పోతుల్ని చుట్టూ తిప్పి పై మూతికి తోలుకుపోతాడు. రామా అనే పెద్దపోతు వీపు మీద కూర్చుని పై నుంచి పులిని కేకేసి లేపుతాడు. తర్వాత మంద దిగుతుంది.

పులి లేచి ఉరికింది. ముందు బర్రెలు, వెనక పోతులు. అక్కడ పులి వెనక్కి తిరిగి పోతులకే ఎదురెళ్లింది. ఎందుకు తిరిగిందో సారు చెప్పబోతుంటే మా క్లాసులో ఒకడు, ఇంగ్లీషులో సొంత పేరు కూడా సరిగ్గా రాయలేనివాడు, లేచి "దూడ ఉన్న బర్రె పోతు కంటే చెడ్డది సారూ" అన్నాడు. సారు పుస్తకం చూసుకున్నారు. అచ్చంగా అదే ఉంది. పోతులు చూడ్డానికే భయం, కాపాడుకోవాల్సిన దూడ ఉన్న బర్రెతోనే అసలు ప్రమాదం అని. వెర్మాంటులో మంచు మధ్య కూర్చున్న దొరా, ప్రాణహిత ఒడ్డు బర్రెల కాపరీ ఒకే మాట అన్నారు. సారు ఆ పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి భుజం తట్టారు. వాడికి బడిలో దక్కిన మెప్పు అదొక్కటే అనుకుంటా.

ఇక సినిమాకు రండి. 1967లో డిస్నీ వాళ్లు తీసిన బొమ్మల సినిమాలో బర్రె లేదు, పోతు లేదు, వాగు లేదు. పిడుగు పడి చెట్టు అంటుకుంటుంది. మౌగ్లీ ఒక మండే కొమ్మ తెచ్చి పులి తోకకు కడతాడు. పులి పారిపోతుంది. అయిపోయింది! దీపావళికి మా వీధిలో పోరగాళ్లు కుక్క తోకకు సీమటపాకాయలు కడితే మందలించి పంపించేవాళ్లం, వీళ్లు దాన్నే పతాక సన్నివేశం చేశారు. 2016లో అదే కంపెనీ మళ్లీ తీసింది, ఈసారి అడవి మొత్తం తగలబెట్టి పులిని అందులో పడేసింది. నిప్పయితే తెర మీద బాగా కనబడుతుంది మరి. పుస్తకంలోనూ నిప్పు ఉంది. దాని పేరు ఎర్ర పువ్వు. ఊళ్లోంచి నిప్పుల కుండ తెచ్చి తోడేళ్ల సభలో షేర్‌ఖాన్‌ను బెదిరిస్తాడు. అది బెదిరింపు వరకే. చంపింది మాత్రం పశువులు కాసే పనితనం.

ఆ 1967 సినిమా వెనక ఒక కథ ఉంది. వాల్ట్ డిస్నీ దగ్గరుండి చూసుకున్న ఆఖరి బొమ్మల సినిమా అది, విడుదలకు పది నెలల ముందే, 1966 డిసెంబరులో పోయాడు. మొదట బిల్ పీట్ అనే ఆయన పుస్తకానికి దగ్గరగా, కాస్త చీకటిగా కథ అల్లాడు. డిస్నీకి నచ్చలేదు. మాటా మాటా పెరిగి పీట్ వెళ్లిపోయాడు. తర్వాత కథ అప్పజెప్పిన రచయితకు డిస్నీ ముందే షరతు పెట్టాడు, ఈ పుస్తకం చదవొద్దని. పెళ్లికి పిలిచి పెళ్లికూతుర్ని చూడొద్దన్నట్టు! ఈ సంగతి తెలిసినప్పుడు నా కోపం సగం చల్లారింది. తెలియక చెడగొట్టలేదన్నమాట, పట్టుబట్టి చెడగొట్టారు. అదీ ఒక నిజాయితీయే.

చదవకుండా తీస్తే ఏమవుతుందో చూడండి. కోతులకు రాజును పెట్టారు. లూయీ అట, ఒరాంగుటాన్ అట. పుస్తకంలో కోతుల గురించి ఉన్నదే ఒక్క మాట: వాటికి నాయకుడు లేడు, కట్టుబాటు లేదు, పొద్దున అనుకున్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. అందుకే అడవిలో ఎవరూ వాటి మొహం చూడరు. అలాంటి వాటికి కిరీటం పెడితే ఇక మిగిలిందేమిటి? పైగా ఒరాంగుటాన్ ఉండేది సుమత్రాలో, బోర్నియోలో. సివనీకి ఏ రైలెక్కి వచ్చింది? 2016 వాళ్లకు ఈ సిగ్గు కొంచెం తగిలింది. ఒరాంగుటాన్‌ను తీసేసి, లక్షల ఏళ్ల కిందట అంతరించిన జైగాంటోపిథికస్ అనే కొండంత వానరాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. అసలు తప్పు రాజును పెట్టడంలో ఉందిరా నాయనా అంటే, రాజు జాతి మార్చారు.

హాథీ సంగతి మరీ అన్యాయం. కరువులో అడవి జంతువులన్నిటికీ నీళ్ల దగ్గర వేట లేదని చాటింపు వేసే ఏనుగు అది. తనను గోతిలో పడేసి గాయపరిచినందుకు భరత్‌పూర్ పొలాలను అడవిలో కలిపేసిన ఏనుగు. దాన్ని మతిమరుపు కల్నల్ను చేసి పరేడ్ తీయించారు.

బాలూ విషయంలో నాకు మాట పెగలదు. నేను బడిపంతులుగా ముప్పై మూడేళ్లు చేశాను, కాబట్టి ఇది కులాభిమానం అనుకున్నా ఫర్వాలేదు. పుస్తకంలో బాలూ అడవికి పంతులు. ముసలి ఎలుగుబంటి, తేనె, దుంపలు, కాయలు తిని బతుకుతాడు, తోడేలు పిల్లలకు కట్టుబాట్లు నేర్పుతాడు. మౌగ్లీకి అయితే అందరి భాషా నేర్పాడు. పక్షులతో ఒక మాట, పాములతో ఒక మాట, వేటజంతువులతో ఒక మాట, ఎక్కడికెళ్లినా చుట్టరికం కలుపుకునే మాటలు. తప్పు చెబితే చెయ్యి చేసుకునేవాడు. చిన్నపిల్లాడు గదా అని బగీరా అనే నల్ల చిరుత అడ్డుపడితే, తెలియనితనంతో చచ్చేకంటే నా చేతి దెబ్బలు నయం అనే లెక్కలో జవాబిస్తాడు. కొట్టడం ఒప్పని నేనిప్పుడు అనను. నేను కొట్టిన పిల్లల్లో కొందరు ఇప్పటికీ బజార్లో కనబడితే నమస్కారం పెడతారు, కొందరు అటు తిరిగి వెళ్లిపోతారు. ఇద్దరూ సబబే. కానీ ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో చూడాలి గదా. కోతులు మౌగ్లీని ఎత్తుకుపోతుంటే, చెట్ల పైనుంచి గద్ద మాట పలికి చీల్ అనే గద్దకు కబురు అందించాడు. పాడుపడ్డ కోటలో నాగుపాముల గదిలో పడేస్తే, పాముల మాట పలికి బతికాడు. రెండుసార్లూ పంతులు నేర్పిన మాటే ప్రాణం నిలబెట్టింది. సినిమాల్లో ఆ పంతులు వీపు గోక్కుంటూ, పాటలు పాడుతూ, ఏ పనీ చెయ్యకుండా ఎలా బతకాలో నేర్పుతాడు. మా మనవరాలికి ఆ పాట మొత్తం వచ్చు. ఎక్కాలు అడగండి, పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతుంది.

పాము దగ్గరికి మళ్లీ వస్తాను, వకాల్తా తీసుకున్నాను కాబట్టి. కోట నుంచి మౌగ్లీని విడిపించడానికి బాలూ, బగీరా ఇద్దరి బలం చాలక కా దగ్గరికి వెళ్తారు. 30 అడుగుల కొండచిలువ. వస్తుంది, తలతో గోడ పగలగొడుతుంది, పిల్లవాణ్ని బయటికి తీస్తుంది. ఆ తర్వాత వెన్నెల్లో కోతుల ముందు ఆట మొదలుపెడుతుంది. చుట్టలు, ముడులు, వలయాలు. చూస్తున్న కోతులు అడుగులో అడుగు వేసుకుంటూ దాని నోటి వైపు నడుస్తాయి. బాలూ, బగీరా కూడా మత్తులో ముందుకు కదులుతారు. మత్తెక్కనిది ఒక్క మౌగ్లీకి, మనిషి పిల్ల కాబట్టి. ఈ ముసలి పాము ఊరికే ఎందుకు గిర్రున తిరుగుతోందో వాడికి అర్థం కాదు. రెండు పెద్ద జంతువుల భుజాల మీద చేతులు వేస్తాడు, ఇద్దరూ కలలోంచి లేచినట్టు ఉలిక్కిపడతారు. సినిమాలో సరిగ్గా తలకిందులు. మత్తెక్కేది మౌగ్లీకి. కాపాడినవాడు బందిపోటయ్యాడు. దానికి పరువునష్టం దావా వేసే అవకాశం ఉంటే నేనే వేసేవాణ్ని.

అన్నీ తిట్లే అయితే నన్ను మూర్ఖుడంటారు. 2016 సినిమాకు పెద్ద మనవడితో వెళ్లాను. కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టించారు. పాప్‌కార్న్ డబ్బా ఖరీదు చెప్పగానే నేను మక్కలు పండించే ఊరివాణ్నని గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. కానీ చీకట్లో ఏనుగులు వచ్చి, బగీరా తల వంచి పిల్లవాడి చేత కూడా తల వంచించినప్పుడు నాకు నోట మాట రాలేదు. నీళ్ల దగ్గర పులీ జింకా పక్కపక్కన నిలబడే ఘట్టం కూడా ఉంచారు. అదంతా లాస్ ఏంజిలెస్‌లో ఒక షెడ్డులో తీశారట, నీల్ సేఠీ అనే పిల్లవాడు తప్ప తెర మీద అడవీ జంతువులూ అన్నీ కంప్యూటర్ బొమ్మలట. దానికి ఆస్కార్ వచ్చిందంటే రావాల్సిందే. చెట్టు ప్రతి ఆకూ లెక్కగా ఉంది. లెక్కకు రానిది ఒక్కటే, దాని సంగతి చెబుతాను.

మధ్యలో సాబూ గురించి ఒక్క ముక్క. 1942లో కోర్డా సోదరులు తీసిన సినిమాలో మౌగ్లీ వేసింది మైసూరు దగ్గర కారాపురలో పుట్టిన మావటి కొడుకు. కిప్లింగ్ రాసిన ఏనుగుల కథనే ఎలిఫెంట్ బాయ్ అని 1937లో తీస్తే అందులోనూ అతనే. 39 ఏళ్లకే 1963లో పోయాడు. ఆ 1942 సినిమాలో కథ ఇష్టం వచ్చినట్టు మార్చారు, పులి నీళ్లలో చస్తుంది. అయినా ఆ కుర్రాడు చెట్టెక్కే తీరు చూస్తే అడవి తెలిసినవాడని తెలుస్తుంది. చెట్టెక్కడం నటించలేరు.

మా అబ్బాయిది దూరదర్శన్ కాలం. 90ల మొదట్లో ఆదివారం పొద్దున జపానువాళ్ల బొమ్మల సీరియల్ హిందీలో వచ్చేది, గుల్జార్ రాసిన పాటతో. పాట మొదలైతే వీధి ఖాళీ. మా వాడికి హిందీ ముక్క రాదు, పాట మాత్రం పూర్తిగా వచ్చు. చూశారా, తరం తరానికీ పాటలే మిగులుతున్నాయి. కథ ఏమైంది?

లెక్కకు రానిది ఎద్దు.

మౌగ్లీని తోడేళ్ల సభకు తెచ్చిన రాత్రి షేర్‌ఖాన్ వాణ్ని తనకిమ్మంటుంది. మందలో చేర్చుకోవాలంటే తల్లీతండ్రీ కాక ఇంకో ఇద్దరు వాడి పక్షాన మాట్లాడాలి. బాలూ మాట్లాడతాడు. రెండో గొంతు లేదు. అప్పుడు బగీరా లేస్తుంది. తనకు సభలో మాట్లాడే హక్కు లేదంటూనే, కట్టుబాటు ప్రకారం ప్రాణానికి వెల కట్టొచ్చు గదా అని అడుగుతుంది. ఇప్పుడే చంపిన కొవ్విన ఎద్దు అరమైలు దూరంలో ఉంది, తీసుకోండి, పిల్లవాణ్ని ఉంచండి. సరేనంటారు. మౌగ్లీ ఒక ఎద్దు ఖరీదుకు తోడేలయ్యాడు. పదేళ్ల తర్వాత మంద కుర్ర తోడేళ్లు తిరగబడితే బగీరా ఆ ఎద్దు మాట గుర్తు చేస్తుంది. ఎప్పుడో నమిలేసిన బొక్కల లెక్క మాకెందుకని అవి ఎగతాళి చేస్తాయి. ఆ మాట దగ్గర మా సారు గొంతు మారేది.

సారు దగ్గర ఉన్నది మొదటి పుస్తకమే. మా ఊరి గ్రంథాలయంలోనూ అంతే. కాబట్టి ఆ ఎద్దు బాకీ నా మనసులో అలాగే ఉండిపోయింది. బాకీ తీరిందో లేదో ఇరవై ఏళ్లకు పైగా తెలియదు. 1984లో ఏదో పని మీద హైదరాబాదు వెళ్తే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో రెండో జంగిల్ బుక్ దొరికింది. ఆరు రూపాయలంటే నాలుగుకు బేరమాడాను. కాజీపేట బండిలో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే చదివాను.

అందులో ఎర్రకుక్కల కథ ఉంది. 200 రేచుకుక్కలు సివనీ అడవి మీద పడతాయి. ఎక్కడి నుంచి? దక్కను నుంచి. మన వైపు నుంచేనండీ! దండయాత్ర చేసిన దొంగలు మా వాళ్లే అని తెలిసి రైల్లో ఒక్కణ్నే నవ్వుకున్నాను. మౌగ్లీ వాటిని ఊరించి, కొండగట్టుకు పట్టిన తేనెపట్లను కదిలించి, గట్టు మీది నుంచి వైన్‌గంగలోకి దూకుతాడు. వెనకపడ్డ కుక్కల సంగతి తేనెటీగలు చూసుకుంటాయి. మిగిలినవాటితో పోరాటంలో ముసలి తోడేలు అకేలా చనిపోతుంది. దీన్ని రష్యావాళ్లు బొమ్మల సినిమాలో తీశారు. డిస్నీ 1967లోనూ 2016లోనూ దీన్ని వదిలేసింది. పెద్దలు చచ్చిపోయే కథలు పిల్లలకెందుకని కాబోలు. మా ఇంట్లో నానమ్మ పోయినప్పుడు నన్నెవరూ పక్కింటికి పంపలేదు.

చివరి కథలో మౌగ్లీకి 17 ఏళ్లు నిండబోతున్నాయి. వసంతం వచ్చింది. అడవిలో అందరూ ఎవరి జోడు వాళ్లు వెతుక్కుంటుంటే వీడికి ఏదో తెలియని జబ్బు. మనుషుల దగ్గరికి పోక తప్పదని తెలిసిపోయింది. 1967 సినిమాలో ఈ పని ఒక నీళ్లకుండ పట్టుకున్న పిల్ల చేస్తుంది, కన్ను గీటినట్టు నవ్వుతుంది, వీడు వెనకాలే పోతాడు. 2016లో అసలు పోనే పోడు, అడవిలోనే ఉండిపోతాడు. పుస్తకంలో పోవాలనీ ఉండదు, ఉండాలనీ ఉండదు, ఏడుస్తాడు. వీడ్కోలుకు మంద రాదు. చూపు ఆనని బాలూ, కా, అన్నదమ్ముల్లాంటి నాలుగు తోడేళ్లు. అంతే. బగీరా రాలేదు. మౌగ్లీ ఎదురుచూస్తాడు. అప్పుడు గుబురులోంచి చిరుత వస్తుంది, కాలు నెత్తుటి తడితో. ఆలస్యానికి కారణం చెబుతుంది. పొదల్లో ఒక ఎద్దును చంపి వచ్చింది, రెండో ఏట ఉన్న ఎద్దును. ఆ ఎద్దుతో మౌగ్లీకి విడుదల, బాకీలన్నీ తీరిపోయాయి. తర్వాత మౌగ్లీ పాదం నాకి, గంతేసి వెళ్లిపోతుంది.

కాజీపేటలో దిగాలి, దిగలేదు. తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కొచ్చాను. ఎద్దుతో కొన్నవాణ్ని ఎద్దుతోనే విడిచిపెట్టింది. ఈ రెండు ఎద్దులూ డిస్నీ సినిమాల్లో లేవు. వందల కోట్లు పోసి ఆకుల మీద మంచు బొట్లు కూడా లెక్కపెట్టారు, రెండు ఎద్దులకు చోటు దొరకలేదు.

ఇదంతా మా మనవరాలికి ఎలా చెప్పాలో తెలియక, టీవీ ఆపేసి, మొదటి పుస్తకమూ ఆబిడ్స్ పుస్తకమూ రెండూ తీశాను. రోజుకు కొంచెం, నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పడం. మా సారు పద్ధతే. కుర్చీలోంచి లేవడానికి మాత్రం మోకాళ్లు ఒప్పుకోవు. పాము మంచిదే అని మూడో రోజుకు ఒప్పుకుంది, "కానీ కోతుల్ని తినేసింది కదా" అని చిన్న మెలిక పెట్టి. బర్రెల ఘట్టం మళ్లీ చెప్పించుకుంది. అకేలా చచ్చిపోతే గొడవ చేస్తుందనుకున్నాను, గట్టిగా ఊపిరి పీల్చి "ఊ, చెప్పు" అంది.

ఆఖరి కథ నిన్న అయిపోయింది. బగీరా వచ్చింది, ఎద్దు మాట చెప్పింది, పాదం నాకింది. నా గొంతు పూడుకుపోయింది, అద్దాలు తీసి తుడుచుకుంటున్నాను. పిల్ల ఏడుస్తుందని చూశాను. అది నుదురు చిట్లించి ఏదో లెక్కేసుకుంటోంది.

"తాతా, ఆ ఎద్దు ఎవరిది?"

"అడవిలోదే" అన్నాను.

"ఎద్దులు అడవిలో ఉండవుగా. ఊళ్లో ఉంటాయి."

నాకు 1963 గుర్తొచ్చింది. మా ఎద్దు వాగు అవతల పడి ఉంటే బాపు వెళ్లి మెడలో గంట విప్పుకొచ్చారు. మిగిలిన ఒక్క ఎద్దుతో దుక్కి సాగదు. ఇంకోటి కొనడానికి చేసిన అప్పు మూడు పంటల దాకా నడిచింది. ఆ శనివారమే కాబోలు నేను చెన్నూరులో ఆఖరి పీరియడులో కూర్చుని, బగీరా ఎద్దునిచ్చి మౌగ్లీని కొన్నదంటే చప్పట్లు కొట్టాను. గంట ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. పిల్లకు చూపించాను.

రెండు పుస్తకాలూ మళ్లీ తిరగేశాం, ఇద్దరం కలిసి, మొదటి ఎద్దు దగ్గరా రెండో ఎద్దు దగ్గరా. ఎవరివో కిప్లింగ్ రాయలేదు.